ఏడు దాటాక తలుపు

మా అమ్మాయిని నేను నసపిట్ట అని పిలిచేదాన్ని. పదిహేనేళ్ళ పిల్లని అలా పిలవకూడదని దాని వాదన. "అలా పిలవకు" అని ప్రతిసారీ మొహం మాడ్చుకునేది. నా మీద కోపమొస్తే అది నన్ను హెడ్మాస్టరమ్మా అనేది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, మేమిద్దరం. దాని నాన్న వేరే ఊళ్ళో వేరే కాపురంలో ఉన్నాడు. ఆయన సంగతి ఇక్కడ అక్కర్లేదు.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. వెనక గదిలో కూర్చుని అద్దాల్ని ఫ్రేముకి సరిపడా అరగదీయడం నా పని. ఎన్నేళ్ళు చేసినా వేళ్ళు తెగుతూనే ఉంటాయి. ఎడమ బొటనవేలి మీద గోరు దాకా ఒక పాత గాటు. చిన్నప్పుడు నసపిట్ట ఆ గాటు నిమురుతూ నిద్రపోయేది. దానికీ ఒక గుర్తుంది. ఉయ్యాల మీంచి పడి ముందు పన్ను అంచు విరిగింది. నవ్వితే ఆ విరిగిన మూల కనబడుతుంది.

మా గొడవలన్నీ టైము గురించే. స్కూలయ్యాక డ్రమ్స్ క్లాసుకి వెళ్ళేది. క్లాసు సాయంత్రమే అయిపోయినా పిల్ల ఇంటికొచ్చేసరికి వీధి లైట్లు వెలిగి చాలాసేపయ్యేది. ఏమైందంటే కబుర్లు. ఫోన్ ఎత్తవేమంటే చార్జింగ్ లేదు. ఇంట్లో ఉన్న కాసేపూ బల్ల మీద, ఫ్రిజ్ మీద, నా వీపు మీద వాయిస్తూనే ఉండేది. తలుపు కొట్టడం కూడా అంతే. రెండు దెబ్బలు నెమ్మదిగా, మూడు గబగబా. కాలింగ్ బెల్ జోలికి పోయేదే కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అది లాప్‌టాప్ తెచ్చి నా పక్కన పెట్టింది. దాంట్లో ఒక ఆట. మనుషుల్ని తయారుచేసి, ఇల్లు కట్టి, వాళ్ళ చేత కాపురం చేయించాలి. గెలుపూ ఓటమీ ఉండవు. ఆకలేస్తే తిండి పెట్టాలి, నిద్రొస్తే పడుకోబెట్టాలి. నిజం చాకిరీ చాలదన్నట్టు ఇదొకటా అని నేనెప్పుడూ దాన్ని పట్టించుకోలేదు.

"కొత్తగా ఇంటి రూల్స్ వచ్చాయమ్మా" అంది. "టీనేజ్ పిల్లలు ఎన్నింటికి ఇల్లు చేరాలో పెట్టొచ్చు. ఫోన్ లాక్కోవచ్చు. క్లాసు పీకొచ్చు. అచ్చం నీకోసమే చేసినట్టుంది."

"అయితే?"

"నువ్వు నేనవ్వు, నేను నువ్వవుతా. ఒక్క రోజు నాలా బతికి చూడు. ఆటలో ఏ రూల్ కుదిరితే మనింట్లోనూ అదే. ఒప్పుకుంటావా?"

తెర మీద మా ఇద్దర్నీ ముందే తయారుచేసి పెట్టింది. నా కళ్ళజోడు, దాని ఉంగరాల జుట్టు, మా మూడో అంతస్తు ఇల్లు, బయట మెట్లు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. పన్ను విరగ్గొట్టే వీలు మాత్రం ఆటలో లేదట. వేలి మీద గాటు పెట్టే వీలు కూడా లేదట. "ఇందులో అందరూ కొత్త సామానులా ఉంటారు" అని నవ్వింది.

తల్లి స్థానంలో అది రాత్రి పదింటికి రమ్మని పెట్టింది. నేను ఊరుకుంటానా, మౌస్ లాక్కుని ఏడు అని పెట్టాను. "మరి నీకో? నువ్వు షాపు నుంచి ఎప్పుడొచ్చినా పర్లేదా?" అంది. సరే, ఇంట్లో అందరికీ అన్న చోట టిక్కు పెట్టాను. దాని కింద ఇంకొకటుంది. టైము దాటితే తలుపు లాక్, లోపలివాళ్ళెవరూ తీయకూడదు. అదీ పెట్టేశాను. పంతం వచ్చాక అంతే మరి.

తెర మీద వెలుతురు పడుతోందని కర్టెన్లు వేశాం. పట్టపగలే గదంతా చీకటైంది. లాప్‌టాప్ వేడెక్కి ప్లాస్టిక్ వాసన వేస్తోంది. ఫ్యాను కిర్రుమంటోంది. ఆటలో పొద్దు చకచకా వాలిపోయింది. నేను నా పిల్లని పార్కులో బెంచీ మీద కూర్చోబెట్టి కదలనివ్వలేదు. ఏడు దాటితే ఏమవుతుందో చూద్దామని.

ఏడైంది. తలుపు దగ్గర చిన్న తాళం బొమ్మ పడింది. అప్పుడు పిల్లని ఇంటికి నడిపించాను. మెట్లెక్కింది. తలుపు కొట్టింది. ఎవరూ తీయలేదు. కాసేపు నిలబడి, మెట్ల మీద కూలబడింది.

"అయ్యో పాపం" అన్నాను. "లోపల అమ్మేం చేస్తోందో చూపించు."

నసపిట్ట ఇంటి లోపలికి తిప్పింది. తల్లి భోజనం చేస్తోంది. ఎదురుగా... అదే పిల్ల. అదే జుట్టు, అదే చొక్కా. వంచిన తల ఎత్తకుండా తింటోంది. మళ్ళీ బయటికి తిప్పింది. మెట్ల మీద పిల్ల అలాగే కూర్చుని ఉంది. దాని మీద క్లిక్ చేస్తే పేరు రాలేదు.

"బగ్గులే అమ్మా. తలుపు పడేటప్పుడు ఆట ఇంట్లోవాళ్ళని లెక్కపెడుతుంది. ఒకరు తగ్గితే ఇంకొకరిని పుట్టించి లెక్క సరిచేసేస్తోంది."

"మరి బయటిదాని సంగతి?"

"అది లెక్కలో లేదుగా" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. అంతటితో ఆట మూసేశాం. ఏడు గంటల రూల్‌కి అది గొణుక్కుంటూనే ఒప్పుకుంది.

మొదటి వారం మాట నిలబెట్టుకుంది. తర్వాత ఒక సాయంత్రం వాన. నేను షాపు నుంచి పెందలాడే వచ్చాను. కరెంటు పోయింది. కిటికీలోంచి తడిమట్టి వాసన, కింద ఎవరిదో స్కూటర్ ఎంతకీ స్టార్టవని చప్పుడు. ఏడు కావస్తోంది, పిల్ల రాలేదు. ఫోన్ స్విచాఫ్. ఒక పుల్ల విరిగిన నల్ల గొడుగు తీసుకుని, చిరాకు పడుతూ బస్టాపు దాకా వెళ్ళాను.

అది కనబడింది. రోడ్డుకి అటువైపు, తడిసి ముద్దై, డ్రమ్ము పుల్లలు నెత్తి మీద అడ్డం పెట్టుకుని పరిగెడుతోంది. హమ్మయ్య అనుకున్నాను. చెయ్యి ఊపాను. అదీ నన్ను చూసి చెయ్యి ఊపింది...

ఆ తర్వాత నేను మా ఇంట్లో బల్ల దగ్గర ఉన్నాను.

మెట్లెక్కినట్టు గుర్తులేదు. తాళం తీసినట్టు గుర్తులేదు. కరెంటు ఉంది. ఎదురుగా నసపిట్ట తల వంచుకుని తింటోంది. దాని జుట్టు పొడిగా ఉంది. నా బట్టలూ పొడిగానే ఉన్నాయి. గొడుగు ఇల్లంతా వెతికినా కనబడలేదు.

"ఎప్పుడొచ్చావే?" అన్నాను.

"ఏడింటికమ్మా" అని నవ్వింది.

పన్ను నిండుగా ఉంది.

అప్పుడు నాకు భయం వేయాలి. నిలదీయాలి, దాని గడ్డం పట్టుకుని చూడాలి. ఏమీ చేయలేదు. ప్లేటులో ఉన్నది తినేశాను. ఉప్పూ కారం తెలియలేదు. ఇప్పటికీ తెలియడం లేదు.

అప్పటి నుంచి దానితో ఏ పేచీ లేదు. ఏడు లోపల ఇంట్లో ఉంటుంది. ఫోన్ తెచ్చి నా చేతిలో పెడుతుంది. నసపిట్టా అంటే "ఏంటమ్మా" అంటుంది, మొహం మాడ్చదు. బల్ల మీద ఒక్కసారి కూడా వాయించలేదు. ఏ తల్లైనా ఎగిరి గంతేసే పిల్ల. నేను దానికి అన్నీ అమర్చి పెడుతున్నాను. ముద్దు మాత్రం రావడం లేదు.

తలుపు మీద దెబ్బలు మర్నాటి నుంచే మొదలయ్యాయి. ఏడు దాటి కాస్త చీకటి పడగానే. రెండు నెమ్మదిగా. మూడు గబగబా.

నేను లేచాను. నడవా లైటు తలుపు కింద సందులోంచి సన్నగా లోపలికి పడుతోంది. ఆ వెలుతురులో ఏదో అడ్డంగా కదిలింది. తడిబట్టల వాసన.

"అమ్మా" అంది వెనక నుంచి పిల్ల. గొంతు పెంచలేదు. "రూల్ రూలే."

గడియ దాకా వెళ్ళాను. చెయ్యి వెయ్యాలి. నా రెండు చేతులూ వాటంతటవే పైకి లేచాయి, నావల్ల కాదన్నట్టు గాల్లో ఊగాయి. కాళ్ళు వెనక్కి తిరిగాయి. వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆటలో మనుషులకి చేతకాని పని చెబితే సరిగ్గా ఇలాగే చేస్తారు. నసపిట్ట అది చూసి విరగబడి నవ్వేది. ఎదురుగా ఉన్నది నవ్వలేదు.

పగలు తలుపు మామూలుగానే తెరుచుకుంటుంది. బయట మెట్ల మీద తడి మాత్రం ఉంటుంది.

మా ఎదురింట్లో రిటైరైన లెక్కల మాస్టారు ఉంటారు. కళ్ళజోడు పగిలితే కొత్త అద్దాలకి మా షాపులోనే ఇచ్చారు. ఒక రోజు పొద్దున్నే ఆపారు.

"ఏమ్మా, తాళంచెవి పోయిందా? అమ్మాయి రోజూ సాయంత్రం మెట్ల మీద కూర్చుంటోంది. పక్కన ఇంకెవరో కూడా ఉన్నారు. కళ్ళజోడు లేదుగా, పోల్చుకోలేకపోయాను. పలకరిస్తే ఇద్దరూ ఏడుస్తున్నారు."

"చూస్తాను మాస్టారూ" అన్నాను. ఆ ఇంకెవరో ఎవరని నేనడగలేదు.

మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి లాప్‌టాప్ తెరిచాను. ఆ రూల్ ఒక్కటి తీసేస్తే నా పిల్ల లోపలికి వస్తుంది. అంతకంటే నాకేం అక్కర్లేదు. కర్టెన్లు వేసి, తాళం బొమ్మ పక్కనున్న టిక్కు మీద నొక్కాను. టిక్కు పోలేదు. మళ్ళీ నొక్కాను... మళ్ళీ... తెర మధ్యలో ఒక చిన్న మాట పడింది.

ఇంటివాళ్ళందరూ ఇంట్లోనే ఉన్నారు. మార్చాల్సిన అవసరం లేదు.

ఆట బయటికి తిప్పాను. మెట్ల మీద చీకటి. ఆ చీకట్లో ఎవరో ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చున్నట్టుంది. లేదా ఒకరే ముడుచుకుని ఉన్నారేమో. దగ్గరికి జరిపేలోపు స్కూలు నుంచి పిల్ల వచ్చి, లాప్‌టాప్ మూసి, తన గదిలో పెట్టుకుంది.

"చదువుకునే టైములో ఆటలేంటమ్మా" అంది.

నిన్న మాస్టారి అద్దాలు తయారయ్యాయి. నేనే అరగదీశాను. ఇంటికి వస్తూ ఇచ్చాను. ఆయన గుమ్మంలోనే పెట్టుకుని, నవ్వుతూ నా వైపు చూశారు. నవ్వు ఆగిపోయింది. నా మొహం మీంచి చేతుల మీదికి చూశారు. ఒకడుగు వెనక్కి వేసి, డబ్బులు కూడా ఇవ్వకుండా తలుపు వేసేసుకున్నారు. లోపల గడియ పడింది.

ఈరోజు సాయంత్రం మళ్ళీ దెబ్బలు. రెండు నెమ్మదిగా. మూడు... మూడు రాలేదు. ఓపిక లేనట్టుంది. నేను వెళ్ళి తలుపుకి చెవి ఆనించాను. అంతవరకు చేయనిస్తుంది నా ఒళ్ళు.

అవతల వెక్కిళ్ళు. ఆ వెక్కిళ్ళు నాకు తెలుసు. చిన్నప్పుడు తట్టు పోస్తే వారం రోజులు నా ఒళ్ళో పడుకుని అలాగే వెక్కింది.

తర్వాత ఇంకో గొంతు. ఆడగొంతు. బొంగురుపోయి, ఏడ్చి ఏడ్చి అరిగిపోయిన గొంతు.

"ఊరుకో నసపిట్టా... ఎవరో ఒకరు తీస్తారు."

"అలా పిలవకు" అంది పిల్ల, ఏడుస్తూనే.

గొడుగు దులిపిన చప్పుడైంది. విరిగిన పుల్ల టకటక కొట్టుకుంది.

ఆ గొంతు నాది.

నాకు రాని ఏడుపంతా ఆ గొంతులో ఉంది. నేను తలుపు మీంచి చెవి తీసి, లైటు కిందికి వచ్చి, ఎడమ చెయ్యి తిప్పి చూసుకున్నాను. బొటనవేలు నున్నగా ఉంది.

"అమ్మా, చల్లారిపోతోంది" అని బల్ల దగ్గర్నుంచి పిలిచింది.

బయట ఇప్పుడు ఇద్దరూ కలిసి తలుపు కొడుతున్నారు. నా చేతులు పైకి లేచి, గాల్లో ఊగి, దిగాయి. వెళ్ళి కూర్చున్నాను.