ఫార్మలిన్‌లో నల్లగొర్రె

అనంతపురంలో మిట్టమధ్యాహ్నం. బయట వడగాలి. లోపల, కిటికీలకు నల్లగుడ్డ కట్టిన మైక్రోస్కోపు గదిలో చీకటి. పరిశోధన విద్యార్థిని సువార్త చెమటలో తడిసి తెర ముందు కూర్చుంది. తలుపు అవతల, విడపనకల్లు నుంచి వచ్చిన గొర్రెల కాపరి హనుమంతప్ప.

కరువు శిబిరంలో పంచిన దాణా తిన్నాకే అతని గొర్రెలు వరుసగా పడిపోయాయి. మొదట పోయింది మందకు ముందు నడిచే నల్లది. పశువుల డాక్టర్లు వడదెబ్బ అని రాసి చేతులు దులుపుకున్నారు. ‘సైన్సు ప్రజల పక్షం’ అని సువార్త తలుపుకు అంటించిన కాగితం చూసి ఆమె పరిశోధన గైడు నవ్వాడు. “పక్షం సరేనమ్మా, ఫలితమేదీ? ఈ సాయంత్రంతో ఆపేయ్.”

దాణాలో ఆమె అనుమానించిన విషముంటే కణం పొరలోని కొవ్వు తెగాలి. తెగిన ముక్క లోపలి అరల తలుపులు తీయాలి. క్యాల్షియం పొంగాలి. పొంగితే, పట్టించిన రంగు వల్ల కణం ఆకుపచ్చగా వెలగాలి. బతికున్న గొర్రె కణాల మీద ఆమె దాణా రసం వేస్తూనే ఉంది. వెలగవు. మధ్యలో కరెంటు పోతుంది. మళ్ళీ మొదటికి.

“పాపా, ఏమంటాండాది నీ మిషను?” బయటి నుంచి హనుమంతప్ప. “మిగిలినయి ఆకలికి అరుస్తాండాయి. ఆ లోపల పెట్టిన దాణా సంచి ఒకటే మిగిలిండాది. పెట్టల్లా, వద్దా?”

“ఉండన్నా.”

కసికొద్దీ మిగిలిన రసమంతా పక్క పళ్ళెంలో కుమ్మరించింది. పోలిక కోసం రంగు పట్టించి ఉంచిన ఆ నల్లగొర్రె కణాలవి. కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్‌లో ఎప్పుడో చచ్చినవి. ఎందుకో, దాన్నే మైక్రోస్కోపు కింద పెట్టింది.

ఒక కణం వెలిగింది.

దాని వెనక ఇంకొకటి... ఇంకొకటి... మంద నడిచినట్టు.

కరెంటు పోయింది. తెర ఆరింది.

పళ్ళెం ఆరలేదు.

తడి ఉన్ని వాసన...

సువార్త బయటపడి తలుపు మూసింది. “పెట్టొద్దన్నా,” అంది.

“మిషను చెప్పిందా?”

మూసిన తలుపు వెనక... కరకర... నమిలే చప్పుడు.

హనుమంతప్ప చెవి ఒగ్గి విన్నాడు. అతని ముఖం పాలిపోయింది. “ఒగ పక్క పండ్లతోనే నములుతాదమ్మా అది,” అన్నాడు మెల్లగా. “మా నల్లది.”

గైడుకు చూపాల్సిన రుజువు ఆ సంచే. సువార్త తలుపు తోసింది.

సంచి ఖాళీ. సంచి మూతి అంచులు తడిగా ఉన్నాయి. వెచ్చగా...

నమిలే చప్పుడు ఆగలేదు. పళ్ళెంలోంచి వస్తోంది.