ఎర్రమెట్ట తీర్పరి

సుభాషిణి టీ అంగడి బల్ల దగ్గరకు చేరేసరికి టీ గ్లాసులోకి దిగుతూ ఉంది. బస్సు దిగిన ఆమె ఎంత సేపట్లో అక్కడికి నడిచి వస్తుందో ఆమె మణికట్టు మీది కాలనాడి పట్టీ అంగడికి ముందే చెప్పింది. మార్కాపురంలో ఇప్పుడు ఎవరూ ఎవరి కోసమూ కాచుకుని కూర్చోరు. దర్జీ మంగళవారం అంటే మంగళవారమే. "ఇదిగో, దార్లో ఉన్నా" అనే అబద్ధం జనం నోట్లోంచి మాయమై చాలా ఏళ్ళయింది. ఒకప్పుడు అలా అనేవారని చెబితే పిల్లలు నమ్మరు.

కాలనాడి చర్మం కింది నాడుల కదలికను చదువుతుంది. మనిషి మెట్టెక్కడానికి, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి, రోడ్డు దాటడానికి ఎంత సేపు తీసుకుంటాడో నేర్చుకుని, ఆ లెక్కను చుట్టుపక్కల యంత్రాలన్నిటికీ పంపుతుంది. డ్రైవరు లేని బండ్లు అవతలి మనిషి నడకకు సరిపడా ఆగుతాయి. బస్సు తలుపు ఎక్కేవాళ్ళ కాలు చూసి మూసుకుంటుంది. దాని వల్ల మంచే ఎక్కువ జరిగిందని సుభాషిణి నమ్మకం. ఆమె నాన్నమ్మ చివరి రోజుల్లో కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా సంతకు వెళ్ళొచ్చింది.

డ్రాగ్ రేసులకు మాత్రం అది చావుదెబ్బ అయింది. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చదీపం పడగానే తిన్నగా పావుమైలు దూసుకుపోయే పందెం అది. బండి లెక్కా తోలేవాడి లెక్కా ముందే తెలిశాక, ఎవరు గెలుస్తారో టిక్కెట్టు కొనకముందే తెలిసిపోయేది. తెలిసిన దాన్ని చూడటానికి ఎవరొస్తారు? పెద్ద నగరాల్లో జీతం తీసుకుని పందెం తోలేవాళ్ళు ఒక్కొక్కరే మానుకున్నారు. మిగిలింది సరదాకు తోలేవాళ్ళు. వాళ్ళకు మిగిలిన కొద్ది చోట్లలో ఒకటి ఎర్రమెట్ట దగ్గర, ఒకప్పుడు విమానాలు దిగిన పాత బాట. మనిషి తన కాలితో క్లచ్ తొక్కి, తన చేత్తో గేరు మార్చడానికి ఆ జిల్లాలో అనుమతి ఉన్నది అక్కడ మాత్రమే. అక్కడి తీర్పరి సుభాషిణి.

ఎర్రమెట్టలో పాత పద్ధతి ఒకటి ఇంకా నడుస్తోంది. నిదానమైనవాడికి ముందు పచ్చదీపం పడుతుంది, చురుకైనవాడికి తర్వాత. ఎంత తేడాతో అన్నది కాలనాడి చెబుతుంది. అందరూ ఎవరి లెక్కకు వాళ్ళు తోలితే ఇద్దరూ ముగింపు గీత దగ్గరకు దాదాపు ఒకేసారి చేరాలి. ఆ దాదాపులోనే పందెం ఉంది, మోసమూ ఉంది. వారమంతా కావాలని నిదానంగా బతికి, ఆదివారం అసలు వేగంతో తోలేవాళ్ళు ఉండేవారు. దాన్ని నాడిని నిద్రపుచ్చడం అంటారు. అధికారులు ఎర్రమెట్టను మూసెయ్యడానికి ఏదో ఒక సాకు కోసం చూస్తున్నారు కాబట్టి సుభాషిణి ఈ విషయంలో ఎవరినీ వదిలిపెట్టేది కాదు.

టీ సగం తాగిందో లేదో, రోడ్డు అవతల ఓబులేసు కనిపించాడు.

అతను సౌరపలకలు తుడిచే పని చేస్తాడు. యాభై దగ్గర పడుతున్న మనిషి. ఎడమ మణికట్టుకు గుడ్డ కట్టు ఉంది. దాటడానికి దీపం పడగానే మొదటి నాలుగడుగులు కుర్రవాడిలా వేశాడు. రోడ్డు మధ్యకు వచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయాయి. మోకాళ్ళు కదులుతున్నాయి కానీ పాదాలు లేవడం లేదు. ఆగి ఉన్న బండ్లు ముందుకు జరిగాయి. ఒకటి అతని తొడకు జానెడు దూరంలోకి వచ్చి ఆగి, ఎంతో మర్యాదగా పలికింది.

"దయచేసి మీ సహజమైన నడకతో నడవండి."

వెనక బండి కూడా అదే మాట అంది. దాని వెనకది కూడా.

"యాక్షన్ జేస్తండాడు. ఎర్రమెట్టలో పట్టుకున్నారంట గదా ఈయన్ని," అన్నాడు టీ తాగుతున్న ఒకాయన, గ్లాసు దించకుండానే.

సుభాషిణి చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది. పట్టుకున్నది తనే.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. ఓబులేసు మూడు ఆదివారాలు వరసగా గెలిచాడు. వారమంతా కాలనాడి అతన్ని నిదానమంటోంది. పచ్చదీపం పడితే మాత్రం అతని చెయ్యి ఎప్పటిలాగే మెరుపులా కదులుతోంది. అంతకుముందు ఏడాది ఇదే పని చేసి దొరికిపోయిన మస్తాన్ వలీ అందరి ముందూ నవ్వించాడు.

"ఏందన్నా, నేను వారమంతా పెళ్ళికొడుకు నడక నడిచి కూడా దొరికిపొయ్యా. నువ్వు టీ తాగతంటే గ్లాసు ముసల్దయిపోద్ది! ఎవురు నేర్పిచ్చారు నీకు? మాకూ నేర్పియ్యి."

"నా సొంతంలే," అన్నాడు ఓబులేసు. అతనూ నవ్వాడు. కాదనలేదు, అవుననలేదు.

కాదనకపోవడాన్ని సుభాషిణి ఒప్పుకోవడంగా తీసుకుంది. ఈ సీజనంతా బాట మీదికి రాకూడదని, కారణం 'నటన' అని తీర్పు రాసింది. ఆ తీర్పు కాలనాడి కేంద్రానికి వెళ్తుందని ఆమెకు తెలుసు. అక్కడినుంచి ఎక్కడికి వెళ్తుందో ఆలోచించలేదు. అది ఇక్కడికి వచ్చింది, ఈ రోడ్డు మీదికి. అతని నిదానం నటన అని ఒక తీర్పరి చెప్పింది కాబట్టి కాలనాడి దాన్ని పక్కన పెట్టి పాత లెక్కనే పంపుతోంది. బండ్లూ, బస్సు తలుపులూ ఏడాది కిందటి ఓబులేసు కోసం ఆగుతున్నాయి.

తీర్పరికి పందెగాళ్ళ నాడి చూసే హక్కు ఉంటుంది. ఆమె అక్కడే, బల్ల ముందు నిలబడి, ఓబులేసు నాడిని తెరిచింది. పగటి లెక్కలు తీర్పు రాసిన రోజే చూసింది. రాత్రి లెక్కలు చూడాలన్న నియమం లేదు కాబట్టి చూడలేదు. ఇప్పుడు చూసింది. నిద్రలో ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిరగడానికి అతనికి పట్టే సమయం నెలనెలకూ పెరుగుతూ వచ్చింది. కొన్ని రాత్రులు తిరగడం మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోయాడు.

నిద్రలో ఎవరూ నటించరు.

ఆమె మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని, గబగబా, ఎక్కడ ఇంకొక బండి ఆ మాట అంటుందోనన్న భయంతో చెప్పేసింది. "ఓబులేసు మీద తీర్పు రద్దు. నటన కాదు. అనారోగ్యం."

"ఖాయమేనా?" అని అడిగింది కాలనాడి.

"ఖాయం."

రోడ్డు మీద బండ్లన్నీ ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి తగ్గాయి. నిశ్శబ్దంగా నిలబడ్డాయి. ఓబులేసు తల ఎత్తి వాటిని చూశాడు. అతను పూర్తిగా దాటేదాకా ఒక్కటీ కదల్లేదు. సుభాషిణి ఊపిరి పీల్చుకుంది. ఎంత తేలిక, అనుకుంది. ఒక్క మాటతో సరిపోయింది. ఆమె డబ్బులిచ్చి రోడ్డు దగ్గరకు వచ్చేలోపల అతను ఎక్కిన బస్సు కదిలిపోయింది.

క్షమాపణ చెప్పాలని మధ్యాహ్నం బండెక్కి అతని ఊరికి బయలుదేరింది. దారిలోనే కేంద్రంనుంచి కబురు వచ్చింది. జబ్బుతో నాడి మారినవాళ్ళు ఎవరూ ఇకమీదట పందెం తోలరాదు. జబ్బు మనిషిని తోలనిచ్చినందుకు ఎర్రమెట్టను కొనసాగించాలా వద్దా అన్నది విచారిస్తారు. ఆమె ఆ కబురును రెండుసార్లు చదివింది. బాట పోతే పోయింది, ఆ మనిషికి న్యాయం జరిగిందని తనకు తాను చెప్పుకుంది.

వాకిట్లో ఓబులేసు భార్య కాశమ్మ కందికాయలు ఒలుస్తోంది. సుభాషిణిని చూసి చాట పక్కన పెట్టి లేచింది.

"నువ్వేనంట గదా తల్లీ, మార్చింది! పొద్దున బస్సు ఈయన కూచునిందాకా ఆగిందంట. పోయిన నెల ఆ తలుపే గదా చెయ్యి నలిపేసింది. నేను చెప్తానే ఉండా, పొయ్యి ఆ పిల్లకు చెప్పబ్బా, నాకు బాగలేదని చెప్పు అని. ఇంటేనా?"

ఓబులేసు రేకుల పాకలో తన కారు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. పాత ఎర్రకారు, బానెట్టు మీద ధూళి లేదు.

"ఓబులన్నా," అంది సుభాషిణి. దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "తప్పు చేశాను."

"ఎప్పుడు తల్లీ?"

"అప్పుడు. నటన అని రాసినప్పుడు. నీకు ఒంట్లో బాగా లేదని నాకు తెలియదు."

"నాకు తెలుసుగా," అన్నాడతను. మాటకూ మాటకూ మధ్య చాలా సేపు పడుతోంది. "అప్పటికే తెలుసు. ఒంగోలు పొయ్యి ఊరూ పేరూ చెప్పకుండా డాక్టరుకి చూపిచ్చుకున్నా. నరాల జబ్బంట. తగ్గేది కాదన్నాడు."

"మరి అందరి ముందూ అన్ని మాటలంటే ఎందుకూరుకున్నావు?"

"దొంగంటే ఒక సీజను రానియ్యరు. రోగమంటే ఎప్పటికీ రానియ్యరు."

కాశమ్మ వాకిట్లోంచి చూస్తూ ఉండిపోయింది. ఈ మాట ఆమె కూడా ఇప్పుడే వింటోంది.

"దీపావళి పండగ అయినాక సీజను మారేది," అన్నాడు ఓబులేసు. "మళ్ళీ రావచ్చనుకున్నా. గుండీ పెట్టుకోలేను నేను. అన్నం కలుపుకునే తలికి చల్లారిపోద్ది. కానీ ఆ పచ్చదీపం పడిందనుకో, చెయ్యి మునపటి మాదిరే లేస్తది. ఎందుకో డాక్టరుకీ సరిగ్గా తెలవదు. ఆ పావుమైలు దూరం నేను బాగుంటా. అంతే. దానికోసం దొంగోడనిపించుకున్నా. బండ్లు తిడితే పడ్డా. చెయ్యి నలిగితే నలిగిందనుకున్నా."

సుభాషిణి పాక గుంజను పట్టుకుంది. "నేను... నీకు మేలు చేద్దామని..."

"తెలుసు తల్లీ. నీలో చెడ్డ లేదు." అతని గొంతులో కోపం లేదు, అదే ఆమెకు భరించరానిదైంది. "రెండుసార్లు తీర్పు చెప్పావు నాకు. రెండుసార్లూ ఆ పట్టీనే అడిగావు. ఏమైంది ఓబులన్నా అని నన్ను ఒక్కసారి అడగలా. నిన్నని ఏం లాభంలే, ఇప్పుడెవురూ అడగరు. అది ముందే చెప్పేస్తది గదా."

"మళ్ళీ రద్దు చేయిస్తాను. కేంద్రానికి వెళ్తాను," అందామె.

"ఏమని? జబ్బు లేదనా?"

కాశమ్మ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి, ఇవ్వడం మరిచిపోయి, చెంబుతో అలాగే నిలబడింది.

ఓబులేసు జేబులో చెయ్యి పెట్టాడు. కారు తాళం తీసి సుభాషిణి వైపు చాపాడు.

"మస్తానుకు ఇయ్యి. బాట ఉంటే తోలుకుంటాడు. మూడో గేరు కొంచెం ఎగదోసి వెయ్యాలని చెప్పు. మోటుగా లాగితే పళ్ళు రాలతయ్యి."

సుభాషిణి అరచెయ్యి పట్టింది. అతని పిడికిలి తెరుచుకోలేదు. వేళ్ళ సందుల్లోంచి తాళం కొస కనిపిస్తోంది. పిడికిలి సన్నగా వణుకుతూ ఆమె అరచేతి పైన అలాగే నిలిచిపోయింది. ఆమె కళ్ళు అలవాటుగా తన మణికట్టు మీదికి వెళ్ళబోయాయి. వెళ్ళనివ్వలేదు. వేళ్ళను బిగించింది జబ్బో, మనసో, ఆ పట్టీ చెప్పలేదు. చెప్పగలిగినవాడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"ఓబులన్నా, నీకు ఇవ్వాలని ఉందా?" అని అడిగింది.

"లేదు తల్లీ," అన్నాడు ఓబులేసు.

ఆ మధ్యాహ్నమంతటిలో అతను ఆలస్యం లేకుండా చెప్పిన మాట అదొక్కటే. సుభాషిణి చాచిన చేతిని వెనక్కి తీసుకుంది.