కారుకు మంచినీళ్లు

పొద్దున్నే మల్లమ్మ రెండు సీసాల్లో బోరు నీళ్లు నింపి కొడుకు కారులో పెట్టింది. నడుము వంగిపోయి, మోకాళ్లు బిగుసుకుపోయిన మనిషికి వాకిలి దాటి కారు దాకా నడవడమే పెద్ద పని. అయినా రాజేందర్ కిరాయికి పోయే ప్రతిరోజూ ఆ పని ఆమెదే. కోడలు మంజుల అందుకోబోతే అలుగుతుంది కూడా.

ఎవరో వాడి వాడి వదిలేసిన ఆ పాత తెల్ల కారే ఆ ఇంటికి అన్నం పెడుతోంది. ఎండలు ముదిరినప్పటి నుంచి దారిలో నాలుగుసార్లు ఆపి నీళ్లు పోస్తే గాని కదలడం లేదు. ఆ రోజు అదీ పనిచేయలేదు. పెళ్లివాళ్లను ఎక్కించుకుని పోతుంటే నడిరోడ్డు మీద పొగలు కక్కి ఆగిపోయింది. వాళ్లు నోటికొచ్చినట్టు తిట్టి ఆటో ఎక్కారు. రాజేందర్ కారుకు తాడు కట్టించి దేవరకొండకు లాగించుకుపోయాడు.

మెకానిక్ ఐలేశం రేడియేటర్ విప్పి చూపించాడు. "లోపలంత సున్నం కట్టిందన్నా. బోరు నీళ్లు పోస్తున్నవా? ఇగ కడిగినా లాభం లేదు, కొత్తది ఎయ్యాలె. పైపులు, కూలి కలిపి తొమ్మిది వేలైతది."

ఇంట్లో అంత డబ్బు ఒక్కరి దగ్గరే ఉంది. హైదరాబాదులో ఎముకల డాక్టరుకు చూపించుకోవాలని మల్లమ్మ పింఛన్‌లో మిగిల్చి దాచుకున్నది. సోమవారం తీసుకుపోతానని రాజేందర్ మాట కూడా ఇచ్చాడు.

సాయంత్రం అతను సంగతి చెప్పి తల దించుకుంటే, మల్లమ్మే గోడ పట్టుకుని లోపలికి పోయి డబ్బు మూట తెచ్చింది.

"కారు నడిస్తెనే గద బిడ్డా ఇల్లు నడిచేది. నా కాళ్లు యాడికి పోతయి, తర్వాత సూస్కుందాం."

వద్దనాలని అతని నోటిదాకా వచ్చింది. చెయ్యి మాత్రం ముందే చాచాడు.

మరునాడు కొత్త రేడియేటర్‌తో కారు ఇంటికొచ్చింది. రాజేందర్ ఇంట్లోంచి మంచినీళ్ల క్యాను మోసుకొచ్చి కారు పక్కన పెట్టాడు. అప్పుడే మల్లమ్మ సీసాలు నింపుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది. చూడగానే అతనికి ఒళ్లు మండింది.

"మల్ల తెచ్చినవా? నీ బోరు నీళ్లతోనే అది ఖరాబైంది. తొమ్మిది వేలు మన్నుల పోసినట్టైంది. ఇగ కారుకు క్యాను నీళ్లే."

మల్లమ్మ సీసాలు నేల మీద పెట్టింది.

"నేను గవే తాగుతున్న గద బిడ్డా."

ఫ్లోరైడ్ నిండిన ఆ నీళ్లు మనిషి ఎముకలు వంచేస్తాయని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. పైపులు పరిచారే గాని నల్లా నీళ్లు ఇంకా రాలేదు. అందుకే తాహతు ఉన్న ప్రతి ఇంట్లో క్యాను దిగుతోంది. రాజేందర్‌కు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలియనప్పుడు మగవాడికి పెళ్లాం ఒకతి ఉంటుంది కదా.

"ఏమే, అమ్మకు క్యాను నీళ్లు పోస్తలేవా? ఇంట్ల ఉండి ఏం జేస్తున్నవ్?"

మంజుల చేతిలో పని ఆపేసింది.

"నన్నంటవా? తొలి క్యాను దిగిన దినమే అత్తకు గిలాస పోసిన. 'ముసలిదానికి ఇప్పుడెందుకు, పిల్లకు ఉంచు' అన్నది ఎవరు? నువ్వు గాదా? అత్త గీడనే కూసోని ఇన్నది. అప్పటిసంది క్యాను ముట్టలేదు. నేను పోసినా తాగలేదు."

అతనికి గుర్తొచ్చింది. ఎంత మామూలుగా అన్నాడో కూడా గుర్తొచ్చింది. కూతురు వర్షిత కోసమే అన్నాడు, అమ్మ మీద కోపంతో కాదు. అమ్మను లెక్కలోంచి తీసేయడానికి కోపం కూడా అవసరం లేకపోయింది. ఇప్పుడు కారుకని క్యాను ఎత్తుకొచ్చినప్పుడు మాత్రం పిల్ల సంగతి యాదికి రాలేదు.

క్యాను వంచి గ్లాసు నింపి తల్లి చేతికిచ్చాడు. మల్లమ్మ ఒక్క గుక్క తాగి, గ్లాసు తిరిగి ఇచ్చేసింది.

"సప్పగున్నయి బిడ్డా. నా నోటికి పడ్తలేవు. పిల్లకియ్యి."

రాజేందర్ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"అమ్మా, తప్పైంది. రేపే దవాఖానకు పోదాం. మన కారులనే తీస్కపోత."

"పైసలు యాడియి కొడుకా?"

దెప్పిపొడవడం కాదది. నిజంగానే అడిగింది. అతను ఆ వంగిన మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చేశాడు. మల్లమ్మ కొడుకు జుట్టులో వేళ్లు పెట్టి నిమిరింది.

"ఊకో బిడ్డా, కారైతె మంచిగైంది గద," అంది.