ముందు మీరు వెళ్ళండి

హ్యాకర్ల కన్వెన్షన్‌లో సొంత పేరు చెప్పుకోవడం మర్యాద కాదట. బ్యాడ్జీలు రాసే బల్ల దగ్గర కూర్చున్నావిడ ఆ సంగతి చెప్పి, మార్కర్ మూత తీసి, "ఏం రాయమంటారు?" అంది.

అమ్మాయి తడబడింది. చప్పున ఏ పేరూ తట్టలేదు. ఆఫీసులో అటెండర్లు తన వెనకాల పిలుచుకునే పేరొకటి ఉంది. తనకి తెలియదని వాళ్ళ నమ్మకం.

"సర్వరమ్మ."

"దణ్ణం పెట్టుకోవాలనిపిస్తోందండీ" అంటూ ఆవిడ గుండ్రటి అక్షరాలతో రాసి, మెడలో వేసింది.

లోపల పెద్ద హాలు. ఒక మూల తాళాలని తాళంచెవి లేకుండా తెరవడం నేర్పే బల్ల. ఇంకో మూల విప్పి పారేసిన ఫోన్ల గుట్ట. ఎక్కడ చూసినా వైర్లే. ఆఫీసుకి ఒకరోజు సెలవు పెట్టి వచ్చినందుకు అమ్మాయి ప్రాణం లేచొచ్చింది. నగరపాలక ఆఫీసులో కంప్యూటర్లన్నీ తనొక్కతే చూసుకుంటుంది. సర్వర్ల గురించి ఇంట్లో మాట్లాడితే అక్క ఆవులిస్తుంది. ఇక్కడైతే ఆవులించేవాళ్ళు ఉండరు.

ఆ సంతోషం వేదిక ముందు కుర్చీలో కూర్చునేదాకానే.

వేదిక మీద కాస్త పొడుగ్గా, కాస్త ఒంగి ఉన్న ఒకతను మాట్లాడుతున్నాడు. మెడలో 'పిల్లిమొగ్గ' అని బ్యాడ్జీ. వెనక తెర మీద ఆమె ఆఫీసు వెబ్‌సైటు.

"ప్రతి బస్టాపులో మన ముఖాలు గుర్తుపట్టే కెమెరాలు పెడతారట" అంటున్నాడతను. "అభ్యంతరాలుంటే సోమవారం సాయంత్రంలోగా చెప్పమన్నారు. చెబుదామని ఆ పేజీ తెరిస్తే ఇదిగో, ఇది."

తెర మీద పార పట్టుకుని మట్టి తవ్వుతున్న మనిషి బొమ్మ. కింద 'పనులు జరుగుచున్నవి.'

"ఈయన రెండు నెలలుగా తవ్వుతున్నాడు. ఈపాటికి భూమికి అవతలి వైపు తేలి ఉండాలి."

హాలంతా నవ్వింది. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. ఆ తవ్వే మనిషిని అక్కడ పెట్టింది తనే. పేజీ ఎప్పుడో తయారైంది. తెరవమని చెప్పాల్సిన సూపర్నెంటుగారు 'చూద్దాంలేమ్మా' అంటూ చూడకుండా కూర్చున్నారు.

"ఈ సైటు చూసుకునే మహానుభావులెవరో ఒక్కసారి చూడాలనుంది" అని అతను నిట్టూర్చాడు. "అందుకే, సోమవారం పదింటికి మనమంతా ఒకేసారి ఈ సైటు మీద పడదాం, ఆ తాకిడికి అది ఆగిపోవాలి. రోడ్డు మీద బైఠాయిస్తే ధర్నా అంటారు. సైటు మీద బైఠాయిస్తే నేరమంటారు. తేడా ఏమిటో నాకైతే అర్థం కాదు."

అమ్మాయి చెయ్యి దానంతటదే లేచింది.

"రోడ్డు మీద కూర్చున్నప్పుడు అంబులెన్సు వస్తే లేచి దారిస్తారు కదండీ."

"ఇస్తాం."

"సైటు మీద కూర్చున్నప్పుడు అంబులెన్సు వచ్చిందని మీకెలా తెలుస్తుంది? వెనకాల ఎవరున్నారో కనబడరు కదా."

అతను మైకు ఎత్తు ఒకసారి పెంచి, ఒకసారి తగ్గించాడు.

"మంచి ప్రశ్న" అన్నాడు చివరికి. "కాఫీ తాగొద్దాం."

*

కాఫీ మెషీన్ దగ్గర అతనే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సర్వరమ్మగారూ, అంతమందిలో పరువు తీశారు."

"మీరు భూమికి అవతలి వైపు దాకా తవ్వారు. నేను గుప్పెడు మట్టి తీశాను, అంతే."

అతను పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఒంగిన మనిషిని నిటారుగా చేసింది. అమ్మాయి ఆ సంగతి గమనించి, గమనించనట్టు కప్పులోకి చూసింది.

"ఒక మాట చెప్పండి" అన్నాడతను. "ఎవరికీ ఇబ్బంది కలగని నిరసనని ఎవరు పట్టించుకుంటారు?"

"ఇబ్బంది కలగాలి. ఎవరికి కలగాలో వాళ్ళకి కలగాలి. కెమెరాలు పెట్టేది ఒకరైతే, అంబులెన్సులో ఇరుక్కుపోయేది ఇంకొకరా?"

"అంటే కెమెరాలు మీకూ ఇష్టం లేదు."

"పొద్దున్నే బస్సు కోసం పరిగెత్తేటప్పుడు నా ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. దాన్ని దాచిపెట్టుకునే వాళ్ళమీద నాకు జాలి."

అక్కణ్ణుంచి వాళ్ళు తాళాల బల్ల దగ్గరికి చేరారు. అతను సన్నటి ఇనప పుల్లలు రెండు చేతికిచ్చి, "గట్టిగా తోయకండి. లోపల పిన్ను కదిలినప్పుడు వేలికి తెలుస్తుంది. వినండి" అన్నాడు.

"తాళాన్ని వినడమేమిటి?"

"నా ఉద్యోగమే వినిపించడం. చెవి మెషీన్లు బాగుచేస్తాను, మా మేనమామ షాపులో."

తాళం టక్కుమంది. అమ్మాయి చిన్నపిల్లలా అతని చెయ్యి పట్టి ఊపేసింది. ఆ తర్వాత ఎవరి చెయ్యి ఎవరిదో గుర్తొచ్చి ఇద్దరూ తాళాన్ని తెగ పరీక్షగా చూశారు.

బయటికొచ్చేసరికి వాన. ఆమె దగ్గర గొడుగుంది, అతని దగ్గర లేదు. బస్టాపు దాకా ఒకే గొడుగు కింద నడిచారు. అతను మర్యాదకి పోయి సగం బయటే ఉన్నాడు. కుడి భుజం పొడిగా, ఎడమ భుజం చెరువులా.

"లోపలికి రావచ్చు. గొడుగు కరవదు."

"మీరు కరుస్తారేమోనని."

అంతలో అక్క ఫోను. "ఏమే, ఆ స్కూలు సీటు అప్లికేషన్ ఇవాళా సగంలో ఆగిపోయింది. పిల్ల ఫొటో పెద్దదిగా ఉందంటోంది. సోమవారం ఆఖరి రోజు కదా, పొద్దున్నే కూర్చుని చేసేస్తాలే."

'సరే' అని ఫోను పెట్టేసిన అమ్మాయికి ఇక నోరు మూసుకోవడం చేతకాలేదు.

"మీరు పడదామనుకుంటున్న సైటులోనే సోమవారం స్కూలు సీట్లకి ఆఖరి రోజు. రెండూ ఒకే సర్వరు మీద ఉన్నాయి. అది పడిపోతే ఆ పిల్లలందరి అప్లికేషన్లూ పోయినట్టే. మా అక్క కూతురిది కూడా."

అతను ఆగిపోయాడు. "ఒకే సర్వరని మీకెలా తెలుసు?"

అమ్మాయి గొడుగు కాడని రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ తవ్వే మనిషిని పెట్టింది నేనే."

అతను గొడుగు కిందనుంచి పూర్తిగా బయటికి జరిగాడు. "అంటే పొద్దుట్నించీ మమ్మల్ని చూసి పోవడానికి వచ్చారన్నమాట. రేపు మా పేర్లు మీ ఆఫీసులో ఉంటాయి."

అమ్మాయికి ఒళ్ళు మండింది. కళ్ళు కూడా మండాయి, అది వేరే సంగతి.

"మీ పేరు నాకు తెలిస్తే కదండీ, పిల్లిమొగ్గగారూ."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గానీ తెలియలేదు, అతని నంబరు కూడా తన దగ్గర లేదని. గొడుగు లేని మనిషి బస్టాపులో పిల్లిలా తడుస్తూ నిలబడ్డాడు.

*

ఆదివారమంతా అక్క వాళ్ళింట్లో గడిచింది. పిల్ల ఫొటో చిన్నది చేసినా, ఇంకో కాగితం తక్కువైంది. అది స్కూలు తెరిస్తేగానీ దొరకదు. సోమవారం తప్పదు.

"ఏమిటే, ఉప్పు డబ్బా చేత్తో పట్టుకుని ఉప్పు డబ్బా వెతుకుతున్నావు?" అంది అక్క.

అమ్మాయి అంతా చెప్పేసింది. గొడుగు సంగతి తప్ప. అక్క గొడుగు సంగతి కూడా లాగేసింది.

"సూపర్నెంటుకి ఒక్క ఫోను చేస్తే సరిపోతుంది కదా."

"పోలీసుల్ని పిలుస్తాడు. అతను చెప్పినదాంట్లో తప్పేముంది? పేజీ మూసిపెట్టింది మేమే కదా."

"మరి ఫోను చెయ్యకపోతే? సైటు పడితే నీ ఉద్యోగం, నా పిల్ల సీటు?"

అమ్మాయి ఫోను తీసుకుంది, సూపర్నెంటుగారికే చేసింది. కానీ అడిగింది వేరే. "సర్, ఆ అభ్యంతరాల పేజీ తెరిచేద్దామా? రేపే ఆఖరు."

"అంత అభ్యంతరం ఉన్నవాళ్ళు కౌంటరుకి వచ్చి కాగితం ఇచ్చుకుంటారులేమ్మా. ఎవడొస్తాడు గనక?" అన్నాడాయన హాయిగా.

ఫోను పెట్టేశాక అక్క ఆమె ముఖం చూసింది. "అతను ఆపుతాడని అంత నమ్మకమా?"

"నమ్మకం కాదు" అంది అమ్మాయి. "తాళం తీసేటప్పుడు వినమన్నాడు. తను కూడా వింటాడేమోనని."

"అయిపోయింది" అంది అక్క నవ్వు ఆపుకుంటూ. "మా చెల్లి చెయ్యి దాటిపోయింది."

*

సోమవారం పది కావస్తుండగా అమ్మాయి సర్వరు గదిలో తెర మీది గీతని చూస్తూ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. సైటుకి వచ్చేవాళ్ళు పెరిగితే గీత లేస్తుంది. పది దాటింది. గీత మామూలుగానే ఉంది. పదింబావు. అక్క దగ్గర్నుంచి మెసేజి: 'అప్లికేషన్ వెళ్ళిపోయిందే.'

అమ్మాయి కుర్చీలో కూలబడి, ఫ్యాన్ల హోరులో హమ్మయ్య అనుకుంది. అప్పుడు తలుపు తోసుకుని సూపర్నెంటుగారు వచ్చారు.

"అమ్మా, నువ్వు వచ్చి మూడో కౌంటర్లో కూర్చో. బయట లైను చూశావా?"

చూసింది. వరండా దాటి, మెట్లు దిగి, గేటు బయట మలుపు తిరిగిన లైను. అందరి మెడల్లోనూ బ్యాడ్జీలు, అందరి చేతుల్లోనూ కాగితాలు. అందరికంటే ముందు, కాస్త ఒంగి, పిల్లిమొగ్గ.

ఇప్పుడు ఈ లైనే నిజంగా పనున్నవాళ్ళకి అడ్డం కదా అనుకుంది అమ్మాయి.

కానీ ఆ లైను చిత్రంగా ఉంది. నీళ్ళ కనెక్షన్ కోసం ఒక పెద్దాయన వస్తే, చివర నిలబడ్డ కుర్రాడు, "మీకు పనుందా? ముందు మీరు వెళ్ళండి" అన్నాడు. ఆ ముందున్నామె కూడా అదే మాట. ఆ పెద్దాయన పెళ్ళికొడుకులా ఒక్కొక్కళ్ళనీ దాటుకుంటూ నేరుగా కౌంటరుకి వచ్చేశాడు. జనన ధ్రువపత్రం కోసం వచ్చిన దంపతులూ అంతే. వెనక పనున్నవాళ్ళు ఎవరూ లేనప్పుడే ఒక అభ్యంతరం కాగితం కౌంటరు మీదికి వస్తుంది.

పిల్లిమొగ్గ మాత్రం తన కాగితం ఇవ్వలేదు. తన వంతు వచ్చినప్పుడల్లా పక్కకి జరిగి, వెనకవాళ్ళకి దారిస్తాడు. మళ్ళీ అక్కడే నిలబడతాడు. మనుషుల తలల మీదుగా ఒకసారి చూశాడు. అమ్మాయి రబ్బరు స్టాంపుని తలకిందులుగా కొట్టింది.

సూపర్నెంటుగారు మధ్యాహ్నానికి జుట్టు పీక్కున్నారు. "వీళ్ళు ఆఫీసు పనికి అడ్డం పడుతున్నారని పోలీసులకి రాసి పంపిద్దామా?"

"అడ్డం పడట్లేదు సర్. దారిస్తున్నారు."

"అదేనమ్మా నా బాధ. ఇందాక బయటికెళ్ళి వస్తుంటే నాకు కూడా దారిచ్చారు. అందరూ. ఒక్కొక్కళ్ళూ 'ముందు మీరు వెళ్ళండి సర్' అంటుంటే తలెత్తుకోలేకపోయాను. పైగా పేపరువాళ్ళు వచ్చి ఫొటోలు."

అమ్మాయి పెదవి కొరుక్కుంది. ఇబ్బంది సరిగ్గా ఎవరికి కలగాలో వాళ్ళకే కలుగుతోంది.

ఇంతలో నీలం చీర కట్టుకున్న ఒకావిడ కౌంటరు ముందుకొచ్చింది. నీళ్ళ మీటరు ఫిర్యాదు. కాగితం ఇచ్చి కదలకుండా అమ్మాయిని తీరిగ్గా చూసింది.

"ఆ ముందు నిలబడ్డవాడు మా అబ్బాయేనమ్మా. నన్ను కూడా 'ముందు మీరు వెళ్ళండి' అన్నాడు, ఎవరో పరాయిదాన్ని అన్నట్టు."

"అయ్యో" అంది అమ్మాయి.

"శనివారం తడిసి ముద్దై వచ్చాడు. గొడుగు తీసుకెళ్ళలేదేంరా అంటే, ఉంది గానీ అందులోంచి నేనే బయటికొచ్చేశాను అన్నాడు. అప్పట్నించీ మనిషి మనిషిలా లేడు. ఆదివారం పొద్దుట్నించీ ఫోన్లు చేసి, ఒక్కొక్కరినీ బతిమాలి, సైటు జోలికి పోవద్దని ఒప్పించాడు. కొందరు పిరికివాడన్నారు, పడ్డాడు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ గొడుగు నీదేనా?"

అమ్మాయి మీటరు ఫిర్యాదు మీద అవసరం లేనంత గట్టిగా స్టాంపు వేసింది. ఆవిడకి జవాబు అందినట్టే ఉంది. వెళ్ళి గోడవారన బెంచీ మీద కూర్చుంది.

నాలుగింటికి సూపర్నెంటుగారు చేతులెత్తేశారు. "ఆ పేజీ తెరిచెయ్యమ్మా. ఈ మర్యాద ఇక నా వల్ల కాదు."

"గడువు ఇంకో వారం పెంచుతున్నామని కూడా రాయనా సర్?"

ఆయన లైను వైపు చూశారు. లైను ఆయన వైపు వినయంగా చూసింది.

"రాయి."

అమ్మాయి పరుగున సర్వరు గదికి వెళ్ళి తవ్వే మనిషిని తీసేసింది. వరండాలో ఫోన్లు వెలిగాయి. 'తెరుచుకుంది' అని ఒకళ్ళు, 'వారం పెంచారు' అని ఇంకొకళ్ళు. కెమెరాల సంగతి ఇంకా తేలలేదు గానీ, చెప్పుకోవడానికి చోటు దొరికింది. లైను మెల్లగా కరిగిపోయింది.

ఒక్క మనిషి తప్ప.

ఆమె తిరిగొచ్చి కౌంటర్లో కూర్చుంది. అతను ముందుకొచ్చాడు. ఈసారి వెనక ఎవరూ లేరు. అయినా ఒకసారి తిరిగి చూసుకున్నాడు.

"తవ్వే ఆయన కనబడట్లేదు" అన్నాడు.

"రిటైరయ్యాడు. మీరు ఆన్‌లైన్లో పంపించుకోవచ్చు ఇక. ఇంత కష్టపడి ఇక్కడ ఇవ్వక్కర్లేదు."

"ఇక్కడే ఇవ్వాలి. శనివారం ఒక మాటన్నాను. దాని మీద అభ్యంతరం చెప్పుకోవాలి. మీరు మా పేర్లు తీసుకెళ్ళడానికి వచ్చారన్నాను."

"అన్నారు."

"తీసుకోండి."

అమ్మాయి కలం తీసి, ఆఫీసు గొంతు పెట్టింది. "పేరు చెప్పండి."

అతను కౌంటరు మీదికి వంగి, ఆమెకి మాత్రమే వినబడేలా చెప్పాడు. పిల్లిమొగ్గ కాదు. అసలుది.

"బాగుంది" అంది. "పిల్లిమొగ్గంత బాగాలేదు గానీ, అలవాటు చేసుకుంటాను."

"ఎన్నాళ్ళు పడుతుందంటారు అలవాటవడానికి?"

"చాలా ఏళ్ళు పట్టేలా ఉంది."

అతని చెవులు కూడా ఎర్రబడతాయని ఆమెకి అప్పుడే తెలిసింది.

"మరి కాగితం తీసుకున్నవారి పేరు?"

ఆమె చెప్పింది. సగం స్టాంపు ప్యాడుకి, సగం అతనికి.

"ఇంకోసారి చెప్పండి."

"చెవి మెషీన్లు బాగుచేసేవాళ్ళకి వినబడలేదా?"

"బాగా వినబడింది. అందుకే ఇంకోసారి."

బెంచీ మీదినుంచి ఆవిడ లేచి పైట సర్దుకుంది. "ఇక ఆఫీసు మూసుకోనివ్వరా వాళ్ళని. మిగతాది ఇంటికి తీసుకొచ్చి అడుగు" అంది. "వానొచ్చేలా ఉంది."

అమ్మాయి సొరుగు తెరిచి గొడుగు తీసింది. తలుపు దగ్గర అతను పక్కకి జరిగి, అలవాటు కొద్దీ, "ముందు మీరు వెళ్ళండి" అన్నాడు.

"ఈసారి కాదు" అందామె, గొడుగు విప్పుతూ. "కలిసే వెళ్దాం."