ముందుకొస్తున్న బరువు

మధ్యాహ్నం మూడు దాటింది. ఎండ కాస్తోంది, గాలి లేదు. పైలట్ సీటు తప్ప మిగతావన్నీ పీకేసిన చిన్న విమానంలో మా తమ్ముడు ఒక్కడే ఎగురుతున్నాడు. కింద కంట్రోల్ గదిలో నేను. రెక్కో తోకో దెబ్బతింటే, ఆ తేడాను తనంతట తానే నేర్చుకుని విమానాన్ని నిలబెట్టే న్యూరల్ నెట్‌వర్క్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఆ విమానంలో ఉంది, అది నా ఆరేళ్ల కష్టం. దాన్ని పరీక్షించడానికి విమానం గాల్లో ఉండగానే, కింద నుంచే మీట నొక్కి తోక పలక ఒకటి కదలకుండా బిగించాం.

విమానం ఒరిగింది. నాలుగు సెకన్లలో సర్దుకుంది.

"అక్కా, నీ శిష్యుడు నాకంటే బాగా నడుపుతున్నాడే! ఇక నా ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే," అని రేడియోలో నవ్వాడు.

గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. అవి ఆగకముందే నా తెర మీద గీతలు మళ్లీ కదిలాయి. నెట్‌వర్క్ ఇంకేదో నేర్చుకుంటోంది. తోక వైపు బరువు పెరిగిందని చెబుతోంది. యాభై కిలోలు.

"లోపల సామానేమైనా ఉందా?" అని మెకానిక్ బాబాయ్‌ని అడిగాను.

"చీపురుపుల్ల కూడా లేదమ్మా. తలుపు నేనే వేశాను."

సెన్సర్ తప్పేమో అనుకున్నాను. అంతలో ఆ బరువు ఒక అడుగు ముందుకొచ్చింది. ఆగింది. ఇంకో అడుగు...

సామానైతే ఒక్కసారిగా జారుతుంది. ఇలా ఆగి ఆగి రాదు.

"బుజ్జీ, తిరిగొచ్చెయ్."

"ఏమైందక్కా?"

"ఏం లేదు. వచ్చెయ్."

కాసేపు రేడియోలో గరగర. తర్వాత వాడి గొంతు... బాగా తగ్గిపోయి.

"అక్కా... వెనక నుంచి తడి మట్టి వాసనొస్తోంది."

"వెనక్కి చూడకు. రన్‌వే చూడు."

సగం దూరం. రెండు బారలు. ఒక్క బార... సరిగ్గా వాడి సీటు వెనక ఆ బరువు ఆగిపోయింది.

చక్రాలు నేలను తాకేదాకా నేను కూర్చోలేదు. తాకగానే చెప్పుల్లేకుండా పరిగెత్తాను. బాబాయ్ అప్పటికే వెళ్లి నిచ్చెన వేశాడు. తమ్ముడు కిందికి దిగగానే బరువు తగ్గి, విమానం ముక్కు కొద్దిగా పైకి లేచింది. వాణ్ని గట్టిగా వాటేసుకున్నాను. చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట.

"చూశావా?" అని గుసగుసగా అడిగాను.

"నువ్వు చూడొద్దన్నావుగా..."

వాడి భుజం మీదుగా అటు చూశాను.

విమానం ముక్కు మరోసారి లేచింది.

నిచ్చెన పట్టుకున్న బాబాయ్ మా వైపే చూస్తూ, దిగేవాళ్లకు దారిస్తున్నట్టు, ఓ పక్కకి జరిగాడు.