పక్కనే ఉండే తల్లి

సాయంత్రం స్నానాల వేళ. మా చిన్నోడు తొట్టెలో కూర్చుని నురగ చిమ్ముకుంటున్నాడు. పెద్దది స్నానాలగది గుమ్మంలో చతికిలబడి బడిపని చేసుకుంటోంది. లోకంలో లేని నీటిపురుగును ఒకదాన్ని ఊహించి, గుడ్డు నుంచి చావు దాకా దాని బతుకంతా చెప్పాలట.

"గొట్టాల్లో గుడ్లు పెట్టేసి వెళ్ళిపోతుందమ్మా," అంది.

"వెళ్ళిపోతే పిల్లలెలా బతుకుతాయే?"

ఉత్తుత్తి పురుగైనా సరే, నమ్మేలా ఉండాలి నాకు. పైగా పిలిస్తే పలికే బంధువొక్కరూ లేని ఊళ్ళో ఇద్దర్ని పెంచుతున్నదాన్ని. పిల్లల్ని వదిలిపోయే తల్లిని పురుగుల్లో కూడా ఒప్పుకోలేను.

"ముందు దవడలొస్తాయి, తర్వాత కాళ్ళు. కాళ్ళొచ్చేదాకా తల్లి పక్కనే ఉంటుందని చెప్పు."

"మరి తిండి?"

"గోరువెచ్చటి నీళ్ళలో ఏ మాంసం దొరికితే అది."

"అంటే నేనా?" చిన్నోడు కిలకిలా నవ్వాడు.

"నిన్ను తింటే దానికి అజీర్తి చేస్తుంది, పోరా," అంది అక్క.

ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం. తొట్టె అడుగున ఏదో గీరిన చప్పుడు. తుప్పు వాసన... వాడి నవ్వు కేకైంది.

నురగ ఎర్రబడింది.

చంకల కింద చేతులేసి లాగాను. రాలేదు. మడమను కరుచుకుని, తోకతో తూమును పట్టుకుని అరచెయ్యంత పురుగు. ఒళ్ళంతా గాజులా ఉంది. నమిలేకొద్దీ లోపలికి ఎరుపు పాకుతోంది. దవడల మధ్య వేలు దూర్చాను. నా గోరు ఊడిపోయింది. దాన్ని తూము నుంచి పీకి తొట్టె అంచుకేసి బాదాను. మళ్ళీ బాదాను. పెద్దది అందించిన కత్తెరతో మెడ కత్తిరించాను. తల ఇంకా నములుతూనే ఉంది... కండతో సహా పెరికేశాను.

ముక్కల్ని తువ్వాల్లో చుట్టి తొట్టెలోనే పడేశాను. వాణ్ణి గుండెకి అదుముకున్నాను.

"అయిపోయింది నాన్నా... చచ్చిపోయింది."

పెద్దది ఆ మూటవైపే చూస్తోంది.

"అమ్మా," గుసగుసగా అంది. "దానికి కాళ్ళు లేవు. అది పిల్ల."

తూములో ఏదో కదిలింది...

స్నానాలగదికి బయట గడియ పెట్టి, ఇద్దర్నీ తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. కుట్లేసి, రాత్రికి అక్కడే ఉంచమన్నారు. పని నుంచి నేరుగా అక్కడికొచ్చిన వాళ్ళ నాన్నని కాపలా కూర్చోబెట్టి, బట్టల కోసం ఒక్కదాన్నే ఇంటికొచ్చాను.

స్నానాలగదికి పెట్టిన గడియ పెట్టినట్టే ఉంది.

తీశాను. తొట్టె పొడిగా ఉంది. ముక్కలు లేవు. తువ్వాలు నెత్తుటి మరక లేకుండా ఉతికి, పిండి, కొక్కేనికి ఆరేసి ఉంది.

తొట్టె పక్కన వాడు విప్పి పడేసిన, వాడి ఒంటి వాసనున్న చొక్కా మాత్రం కనపడలేదు.