జేబు చూశావా అక్కా?

పొద్దున్నే డ్రైక్లీనింగు షాపు వెనకగదిలో ఆవిరి ఇస్త్రీపెట్టె బుసలు కొడుతోంది. దాన్ని పట్టుకుని నిలబడ్డ పెద్దకోడలూ ఇంచుమించు అదే పని చేస్తోంది. ముందుగదిలోంచి తోటికోడలి గొంతు తియ్యగా వినిపిస్తోంది మరి.

"శుభోదయమండీ! మీ కోటు రెడీగా ఉంది. ఇవాళ మీ మొహంలో ఎంత ప్రశాంతతో!"

'ఎదుటివాళ్ళ మొహంలో ప్రశాంతత కూడా కనబడుతోందేం ఈవిడగారికి! కాలరు మీద నూనె మరక మాత్రం కనబడదు' అని గొణుక్కుంటూ పెద్దకోడలు పంట్లాం మడత మీద పెట్టెను కసిగా నొక్కింది.

కింద షాపు, పైన ఇల్లు. అత్తగారు కౌంటరు పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని ఊడిన గుండీలు కుడుతుంది. పెద్దకొడుకు మెషిన్లు చూసుకుంటాడు, చిన్నకొడుకు వ్యానులో తిరుగుతూ బట్టలు చేరవేస్తాడు. కోడళ్ళని అత్తగారు పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అంటుంది. వీధి వీధంతా అదే పిలుపు.

మూడు వారాల క్రితం చిన్నమ్మాయి ఒక సెమినారుకి వెళ్ళొచ్చింది. నాలుగు రోజులు అక్కడే ఉండాలి, ఫోను ఇచ్చెయ్యాలి, లోపల దాచుకున్న భయాల్ని ఒక్కొక్కటే బయటికి తీసి వాటి మొహం చూడాలి. ఇదీ దాని సంగతి. వెళ్ళేముందు ఆ పిల్లా అందరిలాంటిదే. వచ్చిన మర్నాటి నుంచీ ఇంట్లో ఒకటే పొగడ్తలు. "ఎంత నిమ్మళంగా మాట్లాడుతోందో చూశావా" అని అత్తగారు. "చిన్నమ్మాయిని చూసి కాస్త నేర్చుకోరాదూ" అని సాక్షాత్తూ కట్టుకున్న మొగుడు! అత్తగారు అంటే పడొచ్చు, వీధిలోవాళ్ళు అంటే వదిలెయ్యొచ్చు. ఆయన నోట ఆ మాట వినేసరికి పెద్దమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ మంటలో ఒక పని చేసింది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ షాపులో ఒక కట్టుబాటుంది. మెషిన్లో వేసేముందు ప్రతి జేబూ తిరగేసి చూడాలి. ఏం దొరికినా టికెట్టు నంబరు రాసి కవర్లో పెట్టాలి. కాగితమైతే మడత విప్పకూడదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ పని పెద్దమ్మాయిదే. ఉంగరాలు, తాళాలు, ఒకసారి ఎవరివో పెట్టుడు పళ్ళు కూడా భద్రంగా తిరిగిచ్చింది. ఆవిడ చెయ్యి పడని జేబు నీళ్ళలోకి దిగదని వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు. మనిషి కౌంటరులోకి రాదు, నలుగురిలో నోరు విప్పదు. పెళ్ళయిన కొత్తలో ఒక పెద్దమనిషి కాలిన కోటు తెచ్చి అందరి ముందూ ఆవిడ మొహాన కొట్టాడు. ఆ రోజు వెనకగదిలోకి పోయిన మనిషి మళ్ళీ ముందుకి రాలేదు. ఆవిడకున్న పరువల్లా ఆ జేబుల్లోనే ఉంది.

అటువంటి మనిషి ఆ రోజు చిన్నమ్మాయి విప్పిన నీలం గౌను తీసి, జేబు వంకైనా చూడకుండా మెషిన్లో పడేసింది. 'మహారాణిగారి జేబులు కూడా నేనే వెతకాలా!' అనుకుంది. గంట తర్వాత గౌను బయటికొస్తే దాని నిండా పసుపు కాగితం ముక్కలు, నానిపోయి పిండిలా అంటుకుని.

చిన్నమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "జేబు చూశావా అక్కా?"

"చూడక? నేను చూడని జేబుందా ఈ షాపులో?"

చిన్నమ్మాయి మొహం పాలిపోయింది. ఆ ముక్కల్ని ఒక్కొక్కటే గిల్లి అరచేతిలో పోగేసుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. ఏదో రసీదు అయ్యుంటుంది, పోతే పోయిందిలే అనుకుంది పెద్దమ్మాయి. కొంచెం బాధ కలిగింది. నిజం చెప్పొద్దూ, దానికంటే ఎక్కువ హాయి కలిగింది.

ఇదిగో, ఇవాళ కాఫీల దగ్గర అసలు బాంబు పేలింది.

"వంతెన అవతల కొత్త షాపు ఖాయమైంది" అంది అత్తగారు. "చిన్నమ్మాయి తనే చూసుకుంటానంది. నిన్ననే వచ్చి అడిగింది పాపం."

పెద్దమ్మాయి చేతిలో గ్లాసు టక్కున బల్ల మీద పడింది. ఆ కొత్త షాపు గురించి రెండేళ్ళుగా కలలు కంటోంది తను. ఏ మూల ఏ బల్ల వెయ్యాలో కూడా మనసులో వేసేసుకుంది.

"పద్దెనిమిదేళ్ళు ఆవిరిలో ఉడికింది నేను. షాపు ఆవిడకా?"

"నువ్వు కౌంటర్లో నిలబడగలవా?" అన్నాడు మొగుడు తాపీగా. "మనుషులతో మాట్లాడాలి అక్కడ. చిన్నమ్మాయికి ఆ భయం లేదు."

చిన్నమ్మాయి తలొంచుకుని కప్పు అడుగు చూసుకుంటోంది. అది చూస్తే పెద్దమ్మాయికి పుండు మీద కారం చల్లినట్టుంది.

"నేనూ వెళ్తాను ఆ సెమినారుకి!"

మొగుడు పకపకా నవ్వాడు. "నువ్వా? అక్కడ నలుగురిలో నోరు విప్పాలే!"

"విప్పుతాను. విప్పాక మీరే మూసుకోమని బతిమాలుకుంటారు!"

చిన్నమ్మాయి అప్పుడు తలెత్తింది.

* * *

ఊరి చివర పాత బడి లాంటి భవనం. ఫోన్లు గుడ్డ సంచీలో వేయించుకుని నంబరు బిళ్ళ ఇచ్చారు. 'ఇక్కడా టికెట్టేనా' అనుకుంది పెద్దమ్మాయి. నలభైమంది. నడిపించేది బొంగురు గొంతు టీచరమ్మ ఒకావిడ, ఎప్పుడూ మెడకి మఫ్లరు. ఆవిడ అరవదు, బుజ్జగించదు, అడిగి ఊరుకుంటుంది.

మొదటి రోజు, ముక్కూ మొహం తెలియని మనిషి ఎదురుగా కూర్చుని అయిదు నిమిషాలు కళ్ళలోకి చూడమన్నారు. పెద్దమ్మాయికి ఒక బస్సు డ్రైవరు జోడీ పడ్డాడు. మూడో నిమిషంలో అంత మీసాల మనిషీ బావురుమన్నాడు. పెద్దమ్మాయి మాత్రం చలించలేదు. చిన్నమ్మాయి ఇక్కడ ఎన్నో నిమిషంలో ఏడ్చుంటుందో అని లెక్క వేసుకుంటోంది.

రెండో రోజు, బజారులోకి పోయి తెలియని పదిమందిని పలకరించి రమ్మన్నారు. అరగంట ఒక స్తంభం చాటున నిలబడింది. అంతలో ఒకావిడ గౌను చేతి మీద సిరా మరక కనబడింది. ఆగలేకపోయింది.

"అమ్మా, దాన్ని సబ్బుతో రుద్దకండి, ఇంకుతుంది! పాలలో నానబెట్టండి."

"అయ్యో, అలాగా? మరి కాఫీ మరకకి?"

అంతే. పది నిమిషాల్లో చుట్టూ ఎనిమిదిమంది! నోట్లో నాలుక లేని పెద్దమ్మాయి అనర్గళంగా మాట్లాడేస్తోంది. తిరిగొచ్చి టీచరమ్మకి గర్వంగా చెప్పింది. "నా భయం పోయిందండీ."

"అది చిన్న భయం" అంది ఆవిడ. "దాని వెనకాల పెద్దది ఒకటుంటుంది. ఎవరితో పోల్చుకుంటున్నారు మీరు?"

పెద్దమ్మాయి మూతి ముడుచుకుంది. "ఎవరితోనూ కాదు" అంది. ఆ అబద్ధం తనకే నచ్చలేదు.

మూడో రోజు పొద్దున అందరికీ తలా ఒక కాగితం పంచారు. "ఏ మనిషి ముందు నిజం చెప్పడానికి మీకు అన్నిటికంటే భయమో, ఆ మనిషికి రాయండి. వారంలోగా మీ చేత్తో మీరే ఇవ్వాలి. పోస్టు చెయ్యకూడదు, ఇంకొకరితో పంపకూడదు."

కాగితం చేతిలోకి వచ్చింది. పసుపు రంగు.

ఆ రంగు పెద్దమ్మాయికి తెలుసు. నీలం గౌను నిండా పిండిపిండిగా అంటుకున్న రంగు! అది రసీదు కాదు. చిన్నమ్మాయి ఇక్కడే, ఇలాగే కూర్చుని, గుండె చిక్కబట్టుకుని రాసుకున్న ఉత్తరం. ఎవరికి రాసిందో? మొగుడికో, అత్తగారికో? ఎవరికైతేనేం, దాన్ని తన కడుపుమంటతో ఉతికి పారేసింది. పైగా చూశానని మొహం మీద బొంకింది. ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదే!

బస్సు డ్రైవరు పక్కనుంచి అడిగాడు. "ఏంటమ్మా, రాయడం లేదు?"

"రాయాలి బాబూ" అంటూ కొంగు కోసం భుజం తడుముకుని, ఒంటి మీదున్నది గౌనని గుర్తొచ్చి, అరచేత్తోనే కళ్ళు ఒత్తుకుంది. ఈసారి ఎన్నో నిమిషమో లెక్క వేసుకోలేదు.

* * *

అయిదో రోజు పొద్దున షాపు నిండా జనం. పెద్దమ్మాయి ఎప్పుడూ వెనక సందులోంచి వచ్చే మనిషి, ఆ రోజు ముందు తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో సంచీతో సరాసరి కౌంటరు దగ్గరికి వెళ్ళి నిలబడింది. పద్దెనిమిదేళ్ళ నాడు కాలిన కోటు మొహాన పడ్డ చోటే అది.

"ఏమ్మాయ్, ఇలా రా" అంది చిన్నమ్మాయితో. "ఆ రోజు నీ గౌను జేబు నేను చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను."

అత్తగారి సూది ఆగిపోయింది. "పెద్దమ్మాయ్, బయటివాళ్ళున్నారే. పైకెళ్ళి మాట్లాడుకుందాం."

"వాళ్ళ జేబులు కూడా నేనే చూస్తాను కదత్తయ్యా. వాళ్ళూ వినాలి." మళ్ళీ చిన్నమ్మాయి వైపు తిరిగింది. "మరిచిపోయి కాదు, కావాలనే చూడలేదు. అందరూ నిన్ను నెత్తిన పెట్టుకుంటుంటే ఓర్వలేకపోయాను. నీ ఉత్తరం పాడుచేశాను. ఇక ఈ షాపులో జేబుల మీద చెయ్యి వెయ్యడానికి నేను తగను. నీకేమనిపిస్తే అది అను."

చిన్నమ్మాయి తిడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. ఆ పిల్ల కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి రెండు చేతులూ పట్టేసుకుంది.

"చూడలేదా? నిజంగా చూడలేదా అక్కా?"

"చూడలేదంటున్నాగా!"

"నువ్వు చదివేశావనుకున్నాను! నువ్వు జేబు చూడకుండా ఏదీ వెయ్యవుగా. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ వెయ్యలేదుగా. మడత మీద నీ పేరు చూసుంటావు, చదివుంటావు, చదివాకే దాన్ని ఉతికేసి ఉంటావు, అదే నాకు నీ జవాబు అనుకున్నాను!"

"అది... నాకా?"

"నీకే. నిన్ను చూస్తే నాకు పన్నెండేళ్ళుగా కుళ్ళు అక్కా. ఏ మరకొచ్చినా పెద్దమ్మాయినడుగు అంటారు. నా మొగుడు కూడా తన మంచి చొక్కా నీ చేతికే ఇస్తాడు. నేనేమో కౌంటర్లో నవ్వుతూ నిలబడే బొమ్మని. కాఫీ మరకకీ తుప్పు మరకకీ తేడా తెలియదు నాకు. ఎవరైనా అడిగితే బయటపడిపోతానని రోజూ భయమే. కుళ్ళుకుంటూ బతకలేను, నీ పని నాకు నేర్పక్కా అని రాశాను. నాలుగుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను."

"మరి కొత్త షాపు..."

"నీకు నేనంటేనే గిట్టదు కాబోలు అనుకుని, నీ కళ్ళ ముందు ఉండకూడదని అడిగాను. నాకేం తెలుసని నడుపుతాను దాన్ని!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని భోరుమన్నారు. బట్టల కోసం వచ్చినవాళ్ళు గోడ మీద రేట్ల బోర్డు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు.

"అయితే ఇంతకీ షాపు ఎవరు..." అనబోయాడు పెద్దకొడుకు.

"నువ్వు నోర్ముయ్యరా!" అత్తగారు స్టూలు దిగింది. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి. "దీన్ని చూసి నేర్చుకో, దాన్ని చూసి నేర్చుకో అని వీళ్ళిద్దర్నీ ఇంతదాకా తెచ్చింది మనమే. షాపు సంగతి వాళ్ళిద్దరూ తేల్చుకుంటారు. నీకు పని లేకపోతే ఈ గుండీలు కుట్టు."

పెద్దమ్మాయి మొహం తుడుచుకుని సంచీలోంచి నాలుగు రోజులు కట్టిన బట్టల్లో ఒక బూడిదరంగు గౌను తీసి చిన్నమ్మాయి చేతిలో పెట్టింది.

"పద, మొదటి పాఠం. దీన్ని మెషిన్లో వెయ్యి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వేసేముందు ఏం చెయ్యాలో తెలుసుగా?"

వెనకగదిలో చిన్నమ్మాయి ఆ గౌను జేబులో చెయ్యి పెట్టింది. నాలుగు మడతల పసుపు కాగితం చేతికి తగిలింది. కట్టుబాటు ప్రకారం కవరు అందుకుంది. కలం తీసి తలుపు వైపు చూసింది.

"టికెట్టు నంబరెంతక్కా?"

"నంబరు లేదు. మడత మీద చూడు."

మడత మీద 'చెల్లికి' అని ఉంది. పన్నెండేళ్ళలో పెద్దమ్మాయి ఆ పిల్లని ఒక్కసారి కూడా అలా పిలవలేదు.

ముందుగదిలో గంట మోగింది, ఎవరో కొత్త మనిషి. చిన్నమ్మాయి కదలబోతే పెద్దమ్మాయి చేత్తో ఆపింది. "నువ్వు చదువుకో, నేను చూస్తాను." కౌంటరు దాకా నడిచి, రెండు చేతులూ బల్లకి ఆనించుకుని, గొంతు సవరించుకుంది.

"శుభోదయమండీ" అంది.

వెనకగదిలోంచి కాగితం మడతలు విప్పుతున్న చప్పుడు వినిపించింది.